అమ్మ చట్టం, మరదలి లైసెన్స్

తాండూరు నుంచి వికారాబాదుకు రైల్లో ముప్పావుగంట. ఆ ముప్పావుగంట నా బతుకులో ఇంత చోటు ఆక్రమిస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని కదా, అతిశయోక్తి అలంకారమని కొట్టిపారేసేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు కనిపించేది ఆ రైలు కిటికీయే. బయట మంచులో సగం మునిగిన కందిచేలు. లోపల నా భుజానికి తల ఆనించి, నిద్రలో వాళ్ళ దీవి భాషలో ఏదో గొణిగే మా మరదలు.

మరదలంటే నా తమ్ముడి భార్య. వాళ్ళది ఫిలిప్పీన్స్‌లో ఒక చిన్న దీవి. మా తమ్ముడు గల్ఫ్‌లో కంపెనీ బస్సు నడుపుతాడు. ఆమె అక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేసేది. వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నామని ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మ మూడు రోజులు సరిగా అన్నం ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున, "గా పిల్ల మేకలను జూస్తె భయపడదు గద?" అని అడిగింది. మాది తరాలుగా మేకలు, గొర్లు కాసుకున్న ఇల్లు. కోడలికి మా అమ్మ పెట్టిన పరీక్ష అదొక్కటే.

ఆమె భయపడలేదు. అమ్మ కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, పని మానుకుని తాండూరు వచ్చి, రెండేళ్ళు అమ్మ మంచం పక్కనే ఉండిపోయింది. తెలుగు కూడా అక్కడే నేర్చుకుంది. నా దగ్గర నేర్చుకుని ఉంటే వ్యాకరణం వచ్చేది. అమ్మ దగ్గర నేర్చుకుంది కాబట్టి భాష వచ్చింది. అందులో సగం మా అమ్మ మేకలతో మాట్లాడే భాష. అందుకని మొదట్లో కూరగాయలవాడిని కూడా "హేయ్, ఇటు రా, ఎటు పోతున్నవ్" అని మేకను అదిలించినట్టు పిలిచేది. ఆయన పాపం వచ్చేవాడు.

ఇక నా సంగతి. ఇరవై ఎనిమిదో ఏట అత్తగారింటి నుంచి ట్రంకుపెట్టె పట్టుకుని తిరిగొచ్చాను. ఎందుకని అడగొద్దు. అడిగిన వాళ్ళెవరికీ నేనింతవరకు మంచిగా జవాబు చెప్పలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని బడిలో పిల్లలనేవారు. అమ్మ మాత్రం, "నీకు కోపం కాదే, గాలిల తిరుగుడెక్కువ" అనేది. అదీ నిజమే. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడితే పాలు పొంగిపోయేదాకా ఈ లోకంలో ఉండను.

అమ్మ పోయింది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, పదకొండు మేకలు, తమ్ముడు ఒకసారి సెలవులో వచ్చినప్పుడు కొన్న పాత తెల్ల కారు. వాకిట్లో రేకుల కింద నిలబడి ఉండే ఆ కారు తెల్లగా ఉండటానికి రంగొకటే కారణం కాదు. మా ఊళ్ళో నాపరాళ్ళు కోసే మిషన్ల దుమ్ము చెట్ల మీదా, మనుషుల కనుబొమ్మల మీదా, ఆరేసిన బట్టల మీదా ఒకేలా పడుతుంది. పొద్దుటి ఎండలో ఆ దుమ్ములో నడుస్తుంటే ఊరంతా సగం నిద్రలో ఉన్నట్టుంటుంది. నాకది ఇష్టం. మా మరదలికి తుమ్ములు.

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు, ఆమె బియ్యం కడుగుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"వదినా, నేను ఉండాల్నా, పోవాల్నా?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని తెలుసు. అమ్మ కోసం వచ్చింది, అమ్మ లేదు. గల్ఫ్ ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. తమ్ముడు, "నీ ఇష్టం, నువ్వేడ సంతోషంగుంటె గాడ ఉండు" అన్నాడట. మా తమ్ముడిది ఎప్పుడూ అదే తీరు, పెద్ద మనసని మెచ్చుకోవాలో, బరువు దించుకున్నాడని తిట్టాలో తేలదు.

"ఉండు అంటె ఉంటవా?" అన్నాను.

ఆమె కాసేపు బియ్యంలో చెయ్యి తిప్పింది. "గీడ నేను ఎటు పోవాలన్నా ఎవరో తీస్కపోవాలె. ఆటో వస్తె పోవుడు, రాకుంటె కూసునుడు. సామాను లెక్క అయిన వదినా. కారున్నది గద. లైసెన్స్ తెచ్చుకుంట. వస్తె ఉంట. రాకుంటె కందులు ఇంటికొచ్చినంక పోత."

మాకు పెద్దేముల్ దారిలో రెండెకరాల కంది ఉంది. అప్పటికి ఇంకా మొక్క మోకాలెత్తు కూడా లేదు. కంది మెల్లగా పెరిగే పంట కావడం ఎంత మంచిదో నాకు ఆ రోజు తెలిసింది.

అలా మొదలయ్యాయి మా వికారాబాదు ప్రయాణాలు. విదేశీయులకు లైసెన్స్ కావాలంటే కాగితాలు ఎక్కువ. పాస్‌పోర్టు, వీసా, పోలీసుల దగ్గర నమోదు చేయించుకున్న పత్రం, వాటి నకళ్ళు, నకళ్ళ మీద సంతకాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక నకలు తక్కువైంది. రెండోసారి ఫోటో వెనక రంగు కుదరలేదు. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. నేనే అనవసరంగా గొంతు పెంచాను. "మా ఇంటి కోడలమ్మా, తాండూరులో ఎవ్వర్ని అడిగినా చెప్తరు" అన్నాను. ఆ అమ్మాయి, "అందర్ని అడగలేం గద మేడం, ఒక్క కాయితం చాలు" అంది. మా మరదలు నా కొంగు పట్టుకుని లాగింది.

నిజం చెప్పాలంటే, కాగితం తక్కువైన రోజున నాకు లోలోపల సంతోషమే. మళ్ళీ రావచ్చు. నా బతుకంతా ఇల్లు, బడి, అమ్మ మంచం. వికారాబాదుకు బడి పనుల మీద వందసార్లు వెళ్ళి ఉంటాను, ఒక్కసారీ ఊరు చూడలేదు. ఇప్పుడు ఆఫీసు పని పదకొండింటికల్లా అయిపోతే సాయంత్రం రైలు దాకా రోజంతా మాదే. స్టేషన్ బయట మిర్చీలు తినేవాళ్ళం. బెంచీ మీద కూచుని వచ్చే పోయే రైళ్ళను చూసేవాళ్ళం. గుల్బర్గా వైపు వెళ్ళే రైలు ఆగితే కన్నడం మాటలు, హైదరాబాదు వైపుది ఆగితే ఉర్దూ తెలుగు కలగలిపిన మాటలు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. "ఏం అర్థమైంది?" అంటే, "ఏం గాలే, గందుకే మంచిగున్నది" అనేది.

ఒకసారి వాన పడుతుంటే ఆటో మాట్లాడుకుని అనంతగిరి వెళ్ళాం. గుట్ట మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కన నిలబడ్డ మనిషి చీర రంగు కూడా తెలియలేదు. చెట్ల నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు, ఎక్కడో కోతుల అరుపులు, ఇంకేమీ లేదు. ఆమె గట్టు అంచున చాలాసేపు నిలబడింది.

"అవతల ఒడ్డు కనవడని రోజు సముద్రం గిట్లనే ఉంటది వదినా," అంది.

నేను సముద్రం చూడలేదు. యాభై ఆరేళ్ళొచ్చాయి, చూడలేదు. పాఠాల్లో సముద్రాన్ని ఎన్నిసార్లు వర్ణించానో లెక్కలేదు, ఏనాడూ కాలు తడవలేదు. ఆ రోజు మాత్రం ఆ తెల్లదనంలోకి చూస్తూ, ఆమె పక్కన చూసినట్టే అనుకున్నాను. చెప్పుల్లోకి నీళ్ళొచ్చాయి. నాకు ఇంటికి వెళ్ళాలనిపించలేదు.

మూడో ప్రయాణంలో ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష. కంప్యూటర్ ముందు కూచోబెట్టి గుర్తులడుగుతారు. ఆమె పది నిమిషాల్లో పాసై బయటికొచ్చింది. బయట గోడ మీద బొమ్మలు చూస్తూ నేను వేసుకున్న లెక్క ప్రకారం నేనైతే తప్పేదాన్ని. పది మందికి పాఠం చెప్పిన నోరు, దారి గుర్తులు రావు.

నడపడం నేర్పింది మా పక్కింటి పెద్దాయన. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సరిహద్దు అవతలి ఊరివాడు, సగం కన్నడం. ఆదివారాలు మార్కెట్ యార్డు వెనక దారిలో ఆమె పక్కన కూచునేవాడు. నేను వెనక సీట్లో దేవుణ్ణి తలుచుకుంటూ కూచునేదాన్ని. "నిధాన, నిధాన. క్లచ్ జర మెల్లగ ఇడువమ్మా," అనేవాడు. ఇంజన్ ఆగిపోయి కారు ఎగిరినప్పుడల్లా నేను అరిచేదాన్ని. "టీచరమ్మా, నువ్వు నోరు మూస్తె పిల్లకు తొందరగొస్తది," అన్నాడొకసారి. నాకు కోపమొచ్చింది కానీ మూశాను. నిజంగానే తొందరగా వచ్చింది.

ఇక్కడ మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. మా తాత కాలంలో ఎడ్లబండి కదిలించినప్పుడు, దాని నీడలో పడుకున్న మేకపిల్ల ఒకటి చక్రం కింద పడింది. తాత ఆ బండి మళ్ళీ ఎక్కలేదట. ఆ రోజు నుంచి మా ఇంట్లో బండి ఏదైనా సరే, కదిలించే ముందు చక్రం మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి, వంగి కింద చూడాలి. ఎక్కడ ఆపినా సరే, మళ్ళీ కదిలే ముందు మళ్ళీ చూడాలి. ఎడ్లబండి పోయి సైకిలొచ్చినా అమ్మ ఊరుకోలేదు. "సైకిల్ కింద ఏముంటదే?" అని నేను నవ్వితే, "అలవాటు దప్పితె రేపు లారీ కింద కూడ సూడవు," అనేది. తమ్ముడు గల్ఫ్‌లో కంపెనీ బస్సు కింద కూడా చూస్తాడని, అక్కడివాళ్ళు వాడికేదో మొక్కు ఉందనుకుంటారని మా మరదలే చెప్పింది. ఆమెకు మంచం మీద నుంచే అమ్మ ఈ చట్టం నూరిపోసింది. మా కారు కింద ఎప్పుడూ రెండు మూడు మేకపిల్లలు పడుకునే ఉంటాయి కాబట్టి, అది ఆమెకు ఊపిరి తీసుకున్నంత మామూలైపోయింది.

కందిపూత మొదలైనప్పుడు పరీక్షకు పిలుపొచ్చింది. ఆ రోజు రైలు కాదు, మా కారులోనే బయల్దేరాం. ఆమె నడుపుతోంది, పెద్దాయన పక్కన, నేను వెనక. దారి పొడుగునా చేలు పచ్చగా, పచ్చలో పసుపు చుక్కలు. ధారూరు దాటాక అడవి మొదలైంది. మలుపుల్లో ఎండ వచ్చి పోతూ ఉంది. ఆమె భుజాలు నిమ్మళంగా ఉన్నాయి. ఈ పిల్ల ఉండిపోతుంది అనుకున్నాను. ఎంత నమ్మకంగా అనుకున్నానంటే, వచ్చే వానాకాలం రేకుల చిల్లులకు మాట్లు ఎవరితో వేయించాలో కూడా ఆలోచించేశాను. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత నేనే పిల్లలకు వివరించి చెప్పేదాన్ని.

పరీక్ష మైదానంలో మెలికల దారులు. ఇన్‌స్పెక్టర్ సారు చేతిలో కాగితంతో నిలబడ్డాడు. మేం కంచె ఇవతల. ఆమె ఎనిమిది ఆకారంలో నున్నగా తిప్పింది. వెనక్కి నడిపి గీతల మధ్య పెట్టింది. చూస్తున్న వాళ్ళలో ఒకాయన, "బయటి దేశపామె గద, మస్తు నడుపుతున్నది," అన్నాడు. నేను నా సొంత ఘనతలాగా తలాడించాను. ఇక మిగిలింది ఎత్తు. మిట్ట ఎక్కుతూ మధ్యలో ఆపి, కారు వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి.

ఆమె మిట్ట మధ్యలో ఆపింది. చక్కగా ఆపింది. హ్యాండ్ బ్రేక్ వేసింది. ఇంజన్ ఆపింది. తలుపు తీసింది.

"వద్దు," అన్నాను నేను. కంచె ఇవతల నుంచి, నాకే వినపడనంత మెల్లగా.

ఆమె దిగింది. ముందు చక్రం మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. మోకాళ్ళ మీద కూచుని కారు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. చేతులు దులుపుకుని మళ్ళీ ఎక్కింది, స్టార్ట్ చేసింది, వెంట్రుకవాసి కూడా జారకుండా మిట్ట దాటించింది. కంచె దగ్గర జనం గొల్లుమన్నారు.

ఇన్‌స్పెక్టర్ సారు నవ్వలేదు. దగ్గరికొచ్చి, "ఏం పడిపోయిందమ్మా?" అని అడిగాడు.

"ఏం పడలే సార్. మేకపిల్లలున్నయేమో సూసిన."

"గీడ మేకపిల్లలెందుకుంటయమ్మా?"

"ఏడ ఉంటయో మనకేం తెలుసు సార్," అంది ఆమె. అచ్చం మా అమ్మ మాట.

సారు కాగితం మీద ఏదో కొట్టేశాడు. పరీక్ష మొదలైనాక దిగడానికి లేదని, ఇంజన్ ఆపడానికి అసలే లేదని, వారం తర్వాత మళ్ళీ రమ్మని చెప్పాడు. నడపడం బాగుందని కూడా అన్నాడు. ఆయన తప్పేం లేదు. నా కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక నాతోపాటే కారెక్కింది.

తిరుగుదారిలో స్టీరింగు పెద్దాయన పట్టుకున్నాడు. ఆమె నా పక్కన వెనక సీట్లో కూచుంది. అడవి దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత నా వల్ల కాలేదు.

"గాడ దిగుమని నీకెవరు చెప్పిండ్రే?" అన్నాను. "అంత మంచిగ నడిపి, ఆఖరుకు ఇజ్జత్ తీస్తివి. దిగుమని ఎవరు చెప్పిండ్రు?"

"అత్తమ్మ చెప్పింది," అంది ఆమె.

పెద్దాయన కారు కొంచెం నెమ్మది చేశాడు. ఆమె అద్దంలోంచి బయటికి చూస్తోంది. ఏడవడం లేదు. నేను ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు అందరి ముందూ ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాను. నా కడుపున పుట్టకపోయినా, నా తల్లి మాట నాకంటే గట్టిగా పట్టుకున్న పిల్లను పట్టుకుని తిట్టాను. ఆ మాటే ఆమెను పరీక్షలో తప్పించింది, రేపు ఈ ఇంట్లోంచి పంపించేస్తుంది. ఈ ముడి ఎక్కడ విప్పాలో నాకు తెలియలేదు.

ఆ వారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మేకలన్నిటినీ పెరట్లో కట్టేశాను. పొద్దున, సాయంత్రం ఆమెను కారులో కూచోబెట్టి, నేను పక్కన కూచుని, "ఆపు, దిగకు, పోనియ్," అని పాఠం చెప్పాను. కారు కింద ఏమీ లేదని ముందే నేను చూసి వచ్చేదాన్ని. అయినా ఆపినప్పుడల్లా ఆమె చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళేది. నేను ఆ చేతి మీద ఒక దెబ్బ వేసేదాన్ని. అయిదో రోజుకు చెయ్యి వెళ్ళడం మానేసింది. ఆ రోజు ఆమె అన్నం సగమే తింది.

"వదినా, నేను దిగకుంట ఉండుడు నేర్చుకుంటె, ఇంటి కాడ గూడ మర్చిపోత," అంది.

"మర్చిపోతె నేను గుర్తు చేస్త. ముందు పాస్ గా పిల్లా."

"నాకు పాస్ గావాలె. గాని గిట్ల గాదు."

మొండిది. అమ్మ కూడా అంతే. పుంటికూర పులుసు ఇద్దరికీ ప్రాణం, మొండితనం ఇద్దరికీ ప్రాణం. కంది పూత నిండుగా ఉంది, కాయ పడితే రోజులు పరుగెత్తుతాయి. సాయంత్రం చేను గట్టున కూచుని, ఆ పసుపంతా అలాగే నిలిచిపోతే బాగుండునని చాలాసేపు పిచ్చిగా కోరుకున్నాను. తేనెటీగలు నా మాట వినకుండా వాటి పని అవి చేసుకున్నాయి.

ముడి విప్పింది పెద్దాయన. రెండోసారి బయల్దేరే రోజు పొద్దున టీ తాగుతూ, చాలా మామూలుగా అన్నాడు. "గా మిట్ట మీద ఆపినప్పుడు కారు సుట్టూ మనుషులుంటరు గదమ్మా. సారుంటడు, జవాన్లుంటరు, కంచె పొడుగునా జనముంటరు. కారు కిందికి ఏదన్న ఉరికితె గంతమంది సూడకుండ ఉంటరా? నువ్వు ఎక్కే ముందు ఒక్కసారి సూడు. తర్వాత గా కండ్లన్ని నీవే అనుకో."

ఆమె కప్పు కింద పెట్టి ఆలోచించింది.

మైదానంలో ఆమె వంతు వచ్చింది. కారెక్కే ముందు చుట్టూ తిరిగింది. నాలుగు చక్రాల మీదా రెండేసి దెబ్బలు కొట్టింది, నాలుగు వైపుల నుంచీ వంగి చూసింది. ఇన్‌స్పెక్టర్ సారు గుర్తుపట్టాడు. కాగితం చంకలో పెట్టుకుని ఓపికగా నిలబడ్డాడు.

"ఉన్నయా?" అన్నాడు.

"లేవు సార్."

"ఐతే పోనియ్."

ఎనిమిది తిప్పింది. వెనక్కి నడిపింది. మిట్ట ఎక్కి మధ్యలో ఆపింది. అద్దంలోంచి ఆమె చెయ్యి కనిపిస్తోంది నాకు. ఆ చెయ్యి స్టీరింగు మీద నుంచి లేచింది. గాలిలో ఆగింది. ఆమె తల తిప్పి మా వైపు చూసింది. కంచె వెనక నిలబడ్డ నన్ను, పెద్దాయనను, మాకు తెలియని ఇరవై మందిని. నేనేం చేశానో తర్వాత పెద్దాయన చెబితే తెలిసింది. నేను కంచె పట్టుకుని మోకాళ్ళ మీద కూచుని, తల నేలకు ఆనించినంత పని చేసి, దూరం నుంచే ఆ కారు కిందికి చూశానట. చూసి, ఏమీ లేదన్నట్టు రెండు చేతులూ ఊపానట. నాకు గుర్తున్నదల్లా గడ్డి వాసన, కారు కింద నుంచి అవతల కనిపించిన ఎండ ముక్క.

ఆమె చెయ్యి స్టీరింగు మీదికి దిగింది. కారు జారకుండా మిట్ట దాటింది.

లైసెన్స్ కార్డు పోస్టులో వచ్చేసరికి కంది కాయ గట్టిపడింది. కవరు నేనే చింపాను. ఫోటోలో ఆమె పట్టుబడ్డ దొంగలా ఉంది, లైసెన్స్ ఫోటోల్లో అందరూ అలాగే ఉంటారు కాబోలు. మా ఇంటి నంబరు, తాండూరు పేరు. అది చదువుతూ మురిసిపోతూ కింది వరుసకు వచ్చాను. ఎప్పటిదాకా చెల్లుతుందో రాసి ఉంది. వచ్చే మే నెల. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

"ఇదేం కార్డే? ఆరు నెలలేనా? ఇరవై ఏళ్ళు ఉంటదంటరు గద!" నా కోపం వెనక్కి తిరిగొచ్చింది. "పద, ఇప్పుడే పోదం. అడుగుదం."

"అడిగేదేం లేదు వదినా. నా వీసా ఎప్పటి దాంక ఉంటె, కార్డు గూడ గప్పటి దాంకనే. గాడ ఫారం నింపిననాడే చెప్పిండ్రు."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తె నువ్వు గప్పుడే ఏడుస్తుంటివి."

నేను మెట్ల మీద కూచున్నాను. ఇన్ని రోజులూ నేనేమనుకున్నానంటే, ఆ కార్డు చేతికొస్తే ఆమె నాకు మిగిలిపోయినట్టేనని. తీరా చూస్తే దానికే ఒక గడువు. ఇంట్లోంచి మనుషులు పోవడం నాకు కొత్త కాదు. ఒక ఇంట్లోంచి నేనూ పంపించబడ్డదాన్నే. కానీ తేదీ వేసి ముందే చెప్పడం ఇదే మొదలు. మే నెలంటే కందులు అమ్మేశాక, మామిడికాయలు వచ్చాక.

ఆమె లోపలికి వెళ్ళి ఒక కాగితం, పెన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వీసా పొడిగించమని అడగడానికి పెట్టే కాగితాల్లో ఒకటి. ఈ దేశంలో ఆమె ఎవరి ఇంట్లో ఉంటుందో, ఆ ఇంటి మనిషి రాసివ్వాల్సిన హామీ. పోయిన రెండుసార్లూ అమ్మ వేలిముద్ర వేసింది. అప్పుడు స్టాంపు ప్యాడ్ పట్టుకుంది నేనే.

"గిది నువ్వు రాయాలె," అంది. "అత్తమ్మ లేదు గద. నీ ఇంట్ల ఉంట అని నేను రాసిన. ఉంచుకుంట అని నువ్వు రాయాలె."

"ఎన్నాళ్ళు అని రాయాలె?"

"రెండేండ్లు. గంతకంటె ఎక్కువ ఇయ్యరు. మల్ల రెండేండ్లకు మల్ల అడుగుదం."

అంటే ఆమె ఉండడానికి ఎప్పుడో నిర్ణయించుకుంది. కార్డు ఆరు నెలలదని తెలిసే అన్ని రైళ్ళు ఎక్కింది, ఆ మిట్ట రెండుసార్లు ఎక్కింది. ఉంచుకుంటవా అని ఇప్పుడు నన్ను అడుగుతోంది. నా అత్తగారింట్లో ఎవరూ నన్నుంచుకుంటామని అనలేదు. మా అమ్మ అంది కానీ, అమ్మలు అనక ఏం చేస్తారు? నన్ను ఎంచుకుని, నీ దగ్గర ఉంటానని కాగితం మీద రాసిచ్చిన మనిషి నా యాభై ఆరేళ్ళలో ఈమె ఒక్కతే.

ఇంగ్లీషులో రాయమంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే చిన్నపిల్లలా దిద్దాను. సంతకం దగ్గరికొచ్చేసరికి కళ్ళు మసకబారి గీతలు కనపడలేదు. పెట్టేశాను. తర్వాత చూసుకుంటే తెలుగులో పెట్టాను, ఇంటిపేరుతో సహా, నల్లబల్ల మీద రాసినంత పెద్దగా. చెల్లదని వెనక్కి పంపితే మళ్ళీ పెడతాను.